226వ యూనిట్

ముప్పయ్యొక్క ఏళ్ళు బడిపిల్లలకు ఉష్ణం పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. లీటరు నీళ్ళను ఒక డిగ్రీ వేడెక్కించాలంటే ఎంత శక్తి కావాలో నడిరాత్రి లేపి అడిగినా చెబుతాను. ఇంతవరకూ ఎవరూ లేపి అడగలేదు, అది వేరే సంగతి. అంతటివాణ్ణి, పోయిన జనవరిలో ఒక చలి పొద్దున, జాతరకు వచ్చిన అల్లుడు బచ్చలింట్లో తలనిండా షాంపూ నురగతో నిలబడి ఉండగా, స్విచ్చుబోర్డు దగ్గరికి పిల్లిలా నడిచివెళ్ళి గీజర్ ఆపేశాను.

కాసేపటికి లోపల్నుంచి "మామా, చన్నీళ్ళు వస్తాండాయి!" అని కేక. "కరెంటు పోయినట్టుంది నాయనా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు హాల్లో టీవీ గట్టిగా మోగుతోంది.

ఈ పాపం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే ఎమ్మిగనూరు దాకా పోవాల.

మాది ఎమ్మిగనూరే. మా నాయన నేతగాడు. మాచాని సోమప్పగారు 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘానికి దుప్పట్లు నేసేవాడు. ఇంట్లో గుంతమగ్గం, పెరట్లో నీళ్ళపొయ్యి, దానిమీద మసిబట్టిన రాగి కాగు. పత్తి ఏరడం అయిపోయిన చేలల్లోంచి కట్టె పీకి, మోపులు కట్టి తెచ్చుకుంటే ఏడాదంతా అదే మంట. బుడ్డలు ఒలిచే కాలంలో బుడ్డల పొట్టు. కాగు పక్కన మా అవ్వ పీట వేసుకుని కూర్చునేది. మనిషికి మూడు చెంబులు ఉడుకునీళ్ళు, మిగతాదంతా తొట్టిలోని చన్నీళ్ళు కలుపుకోవాల. నాలుగో చెంబు అడిగితే "నీ పెండ్లికి పోస్తాలేరా" అనేది. నా పెండ్లినాటికి అవ్వ లేదు, నాలుగో చెంబు బాకీ అట్లాగే ఉండిపోయింది.

చలికి మా ఇంట్లో ఉన్న ఏర్పాట్లు రెండే. ఆ మూడు చెంబులు, మా నాయన నేసిన దుప్పటి. గదిని వెచ్చబెట్టుకోవడం అనే మాట మా వైపు ఎవరూ విననే లేదు. గదిని చల్లబెట్టుకోలేకే సగం ఏడాది చస్తాం. ఆదోని కొండరాళ్ళు ఏప్రిల్‌లో తాగిన ఎండను జూన్ దాకా కక్కుతూనే ఉంటాయి. అలాంటి ఊళ్ళో ఉడుకునీళ్ళ ఖర్చు గురించి రెండేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆదోనిలో ఫ్లాటు కొన్నాం. మూడో అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే ఒక పక్క కొండ, ఇంకో పక్క మార్కెట్ యార్డుకు పోయే పత్తి బండ్లు. లిఫ్టు ఉంది, పనిచేసే రోజులు తక్కువ. సిలిండరు మోసుకొచ్చే అబ్బాయి మూడు అంతస్తులెక్కి, దాన్ని దించి, తలుపు దగ్గర నిలబడి నావైపు ఒక చూపు చూసేవాడు. ఆ చూపు భరించలేక ఒక రోజు ప్రకటించాను. గ్యాసు వద్దు. సైన్సు మాస్టారి ఇల్లంటే ఎట్లుండాల? అంతా కరెంటే ఉండాల. వంట కరెంటు, కాఫీ కరెంటు, స్నానం కరెంటు.

"కరెంటు పోతే?" అంది మా ఆవిడ.

"అది పాతకాలం మాట" అన్నాను.

మొదటి వారంలోనే కొత్తకాలం మూడుసార్లు పోయింది. కరెంటు కాదు పోయింది, ఎంసీబీ పడిపోయింది. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు, గీజర్ 2000 వాట్లు, మధ్యలో మిక్సీ. చట్నీ తిప్పిన ప్రతిసారీ ఇల్లంతా చీకటి. చివరికి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఏర్పడింది. ఒకరు స్నానానికి పోతే ఇంకొకరు వంట ఆపాల. ఉగ్గానిలోకి పొడి కొట్టుకోవాలంటే ముందు బచ్చలింటి తలుపు తట్టి అనుమతి తీసుకోవాల.

మొదటి నెల బిల్లు చూసి నాకు మా నాయన గుర్తొచ్చాడు. అప్పుడే కాగు కూడా గుర్తొచ్చింది. ఎమ్మిగనూరు ఇల్లు అమ్మినప్పుడు నా వాటాకు ప్రత్యేకంగా అడిగి తెచ్చుకున్నది అదొక్కటే. గీజర్ మానేసి కాగును ఇండక్షన్ పొయ్యి మీద పెట్టి నీళ్ళు కాగబెడదామని ఆలోచన. చింతపండుతో తోమి, తళతళలాడించి, పొయ్యి మీద పెట్టి, మీట నొక్కాను. పొయ్యి కుయ్‌మంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ కుయ్‌మంది. పొయ్యి చెడిపోయిందని దుకాణానికి ఫోను చేస్తుంటే పక్కింటి కాలేజీ పిల్ల వచ్చి, "సార్, దానికి అయస్కాంతం అంటుకునే గిన్నె కావాల గదా, రాగి పనికిరాదు" అంది. ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణను ఏటా బల్ల మీద కాయిలూ అయస్కాంతమూ పెట్టి చూపించినవాణ్ణి నేను. ఆ పిల్లకూ నేనే చెప్పాను. కాగు ఇప్పుడు బాల్కనీలో తులసికోట.

తర్వాత వాటర్ హీటర్ కడ్డీ. మూడు నాలుగు వందల్లో వస్తుంది, బకెట్లో వేలాడేస్తే చాలు, గీజర్ కంటే కరెంటు తక్కువ తింటుంది అని మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. నేనూ నమ్మాను. ఎందుకు నమ్మానో ఈరోజుకీ తెలీదు. నీళ్ళలో మునిగిన తీగ గీజర్లో ఉన్నా బకెట్లో ఉన్నా ఒకటే, తిన్న కరెంటంతా వేడిగానే మారుతుంది. జౌల్ అనే ఆయన 1840లలో తేల్చిన సంగతి ఇది. పెండ్లయిన కొత్తలో పెండ్లాంతో జలపాతం చూడబోయి, పైన నీళ్ళ వేడి ఎంత, కింద ఎంత అని థర్మామీటరు పట్టుకు తిరిగాడని ఆయన గురించి ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ ఆ పెండ్లాం బాధ మాత్రం మా ఆవిడకు బాగా అర్థమైంది, ఎందుకంటే నేనూ ఆ వారం నుంచి ల్యాబు థర్మామీటరు చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను.

లెక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, కాబట్టి ఓర్చుకోండి. జనవరిలో పొద్దున మా కొళాయి నీళ్ళు 22 డిగ్రీలు. ఒంటికి హాయిగా ఉండేది 42. బకెట్టు 18 లీటర్లు. ఆ ఇరవై డిగ్రీలు ఎక్కించడానికి సుమారు 0.42 యూనిట్ కావాల. గీజర్ పెట్టినా అంతే, కడ్డీ పెట్టినా అంతే, మంత్రాలయం పోయి రాఘవేంద్రస్వామికి మొక్కుకున్నా అంతే. తేడా వచ్చేది మనిషి మతిమరుపులోనే. గీజర్‌కు థర్మోస్టాట్ ఉంటుంది, కాగగానే తనే ఆగుతుంది. కడ్డీకి ఆ తెలివి లేదు, దాని యజమానికీ లేకపోతే ఇక చెప్పేదేముంది! 1500 వాట్ల కడ్డీని పదిహేడు నిమిషాలు ఉంచాల్సిందానికి పేపర్లో గళ్ళనుడికట్టు పట్టుకుని గంటకు పైగా ఉంచాను. బచ్చలిల్లు ఆవిరితో నిండిపోయి అద్దం కనపడలేదు. ప్లాస్టిక్ బకెట్టు అంచు మెత్తబడి ఒక పక్కకు వంగింది. నీళ్ళు తెర్లుతున్నాయి. ఒక స్నానానికని పెట్టిన కడ్డీ యూనిటున్నర మింగి, నలుగురికి సరిపడా ఉడుకునీళ్ళు ఇచ్చింది. ఇంట్లో ఉన్నది ఇద్దరం. చన్నీళ్ళు కలిపి, కలిపి, ఆ రోజు నేను రెండుసార్లు స్నానం చేశాను. (కడ్డీ వాడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. ప్లగ్గు పీకాకే నీళ్ళలో వేలు పెట్టాల. ఇందులో మాత్రం నేను ప్రయోగాలు చేయలేదు.)

ఆ కడ్డీని అటక మీదకి ఎక్కించాక నా దృష్టి ఇంకా పైకి పోయింది. మేడ మీదికి.

మేడ మీద ఎండ ఊరికే పడుతోంది గదా అని మే నెలలో తట్టింది. మా బామ్మర్దికి ఎమ్మిగనూరు అవతల చేను ఉంది. పాత డ్రిప్ పైపు చుట్టలు చుట్టలుగా పడుంటే, నల్లగా ఉంది, వేడిని బాగా పట్టుకుంటుంది అని ఒక చుట్ట ఆటోలో వేసుకొచ్చాను. మేడ మీద బొంగరంలా చుట్టి పరిచి, ట్యాంకు కొళాయికి తగిలించి తిప్పాను. డ్రిప్ పైపుకు అడుగడుక్కీ చిల్లు ఉంటుందని, కారడమే దాని వృత్తి అని నాకు ఆ క్షణంలో తోచలేదు. పై అంతస్తు ఆమె ఆరబోసుకున్న ఏడాదికి సరిపడా వడియాలు పది నిమిషాల్లో మళ్ళీ పిండి అయ్యాయి.

వడియాలకు డబ్బు కట్టి, చిల్లుల్లేని కొత్త పైపు వంద మీటర్లు కొన్నాను. అప్పుడు లెక్క వేశాను. ముందు వేయాల్సింది, తర్వాత వేశాను. వేలులావు పైపు వంద మీటర్లలో పట్టేది పదిహేను లీటర్లు. అంటే వంద మీటర్లు పరిచి నేను సంపాదించింది ఒక బకెట్టుకు మూడు లీటర్లు తక్కువ. సరే, అదైనా వస్తుంది గదా అనుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి థర్మామీటరు పెడితే యాభై దాటింది. గెలిచానని మా ఆవిడను మేడ మీదికి పిలిచాను. ఆమె వచ్చి, పైపు వదిలేసి, పక్కనున్న నల్ల ట్యాంకు కొళాయి తిప్పి, నా చేతిని దాని కింద పెట్టింది. చురుక్కుమంది.

"మే నెలలో ఆదోనిలో ఉడుకునీళ్ళు యాడ లేవు చెప్పండి? చన్నీళ్ళు కావాలంటే గదా కష్టం!"

డిసెంబరులో చూపిస్తా నా తడాఖా అన్నాను. డిసెంబరులో పొద్దున ఆరింటికి చూపించింది పైపే. ట్యాంకులో నీళ్ళు 22, పైపులో 17. రాత్రంతా ఆకాశం కింద పడుకున్న సన్న పైపు మంచి ఫ్రిజ్జులా పనిచేసింది. సోలార్ వాటర్ హీటర్లో పగటి వేడి పొద్దుటిదాకా నిలిచేది చుట్టూ దట్టంగా పొర కప్పిన ట్యాంకు వల్ల. నా పైపుకు దుప్పటి లేదు. ఎమ్మిగనూరులో పుట్టి దుప్పటి మరిచిపోయినవాణ్ణి ఏమనాలో మీరే అనుకోండి.

పోనీ అసలైన సోలార్ హీటరే పెట్టిద్దామని అపార్టుమెంటు సంఘం మీటింగులో లేచి నిలబడ్డాను. పై అంతస్తు ఆమె కూడా లేచి నిలబడింది. నేను కూర్చున్నాను. 2024లో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చాక సొంత మిద్దె ఉన్నవాళ్ళు సోలార్ కరెంటు పలకలు పెట్టించుకుంటున్నారు, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. నాకున్నది మిద్దె కాదు, మిద్దెలో పన్నెండో వంతు, అదీ వడియాల చరిత్ర ఉన్న వంతు.

ఇక మిగిలింది పొదుపే. ఇక్కడికి వచ్చేసరికి నాలోని మాస్టారు పోయి మీటరు మనిషి లేచాడు.

ఆంధ్రాలో ఇంటి కరెంటుకు ధర మెట్లు మెట్లుగా ఉంటుంది. నేను లెక్క కట్టుకుంటున్న ధరలివి: మొదటి 30 యూనిట్లు ఒక్కొక్కటి 1.90. అక్కణ్ణుంచి 75 దాకా 3 రూపాయలు. 125 దాకా నాలుగున్నర. 225 దాకా 6. 226వ యూనిట్ నుంచి ఒక్కసారిగా 8.75. ఈ 225 అనే అంకె నా మెదడులో మేకులా దిగింది. దానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్‌కు ముందు ఇంటి వినియోగాన్ని ఏ, బీ, సీ అని వర్గాలు చేసేవాళ్ళు. 225 దాటిన ఇల్లు సీ వర్గంలో పడేది, అప్పుడు కింది యూనిట్ల రేటు కూడా మారిపోయేది. అంటే ఒక్క యూనిట్ కాలు జారితే బిల్లు మొత్తం జారినట్టే. ఆ భయంతో నేను 225ను పాసు మార్కులా, కాదు, ఫెయిలు గీతలా చూడటం మొదలుపెట్టాను.

మీటర్లు కింద పార్కింగులో ఉంటాయి. పొద్దున అయిదింటికి మంకీక్యాపు పెట్టుకుని, టార్చి పట్టుకుని, చేతిలో నోటుబుక్కుతో దిగేవాణ్ణి. మొదటి రోజు వాచ్‌మన్ కర్ర తీసుకుని లేచాడు. రెండో రోజు "ఏమన్నా పోయిందా సార్?" అన్నాడు. మూడో రోజు నుంచి నేను వస్తే దుప్పటి నెత్తిమీదికి లాక్కునేవాడు. అతనికి మూడు రాళ్ళ పొయ్యి ఉంది, దీపం పథకంలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు కూడా వస్తున్నాయి. నాకు తెలిసి మా అపార్టుమెంటులో ఉడుకునీళ్ళ దిగులు లేని ఒకే ఒక మనిషి అతనే.

ఇదంతా ఇట్లా జరుగుతుండగా ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకని బిడ్డా అల్లుడూ బెంగుళూరు నుంచి వచ్చారు. రథం లాగడం చూసి, సంక్రాంతి దాకా ఉండి పోతామన్నారు. సంతోషమే. రీడింగు తీసే అబ్బాయి వచ్చే రోజుకు ఇంకా రెండు రోజులుంది, నా నోటుబుక్కులో అంకె 219.

అల్లుడు మంచివాడు. ఒక్కటే లోపం, బకెట్టు వాడడు. షవర్. పొద్దున పావుగంట, జాతరలో దుమ్ము కొట్టుకుపోయిందని రాత్రి పావుగంట. మా గీజర్ పదిహేను లీటర్లది, పూర్తిగా కాగితే చన్నీళ్ళు కలుపుకుని ముప్పై చిల్లర లీటర్లు వస్తుంది. షవర్ దాన్ని మూడు నాలుగు నిమిషాల్లో తాగేస్తుంది, తర్వాత గీజర్ వెనకబడి పరుగెత్తుతూనే ఉంటుంది, మనిషి బయటికి వచ్చాక కూడా ఖాళీ అయిన కడుపును నింపుకుని మళ్ళీ కాగుతుంది. ఒక్కో స్నానానికి యూనిట్ దాటుతోందని తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కగట్టాను. "మీ ఆయన బకెట్టుతో చేసుకోకూడదామ్మా?" అని బిడ్డను ఒక మాట అడగొచ్చు. ఏ తండ్రి అడుగుతాడు? గీజర్ అనే మాటే ఐస్‌ల్యాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే ఉడుకునీళ్ళ ఊట పేరు నుంచి వచ్చింది. అక్కడ భూమే నీళ్ళు కాచి ఇస్తుంది, ఆ వేడితోనే ఇళ్ళు వెచ్చబెట్టుకుంటారు. అల్లుణ్ణి ఆ దేశం నుంచి తెచ్చుకున్నామేమో అనిపించింది.

రెండో రోజు పొద్దున నోటుబుక్కులో అంకె 224. అల్లుడు తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి పోయాడు. ఆ తర్వాత నేను చేసింది మొదట్లోనే చెప్పాను.

టీవీ మోత విని బిడ్డ వచ్చింది. బోర్డు దగ్గర నన్ను చూసింది. నా చేతిలో నోటుబుక్కు చూసింది. స్విచ్చు వేసింది. పావుగంట తర్వాత అందరికీ ఉగ్గాని బజ్జీ పెట్టి, అల్లుడు ఎర్రబడిన కళ్ళు తుడుచుకుంటుండగా, నా బిల్లు కాగితాలన్నీ ముందు పరిచింది.

"నాన్నా, ఆ ఏ, బీ, సీలు 2022లోనే ఎత్తేశారు. ఇప్పుడు 225 దాటితే దాటిన యూనిట్లకే ఎక్కువ. కింది వాటికి ఏమీ కాదు. నువ్వు ఇందాక మిగిల్చింది ఎంతో తెలుసా? 8.75లోంచి 6 తీసెయ్."

తీసేశాను. 2.75.

"రెండు రూపాయల డెబ్బై అయిదు పైసలకు అల్లుడి కండ్లలో షాంపూ పోయించినారు" అంది మా ఆవిడ. అల్లుడు మాత్రం "పోనీలే అత్తమ్మా, మామ నోటుబుక్కు భలే నీట్‌గా ఉంది" అన్నాడు. అది మెచ్చుకోలో మరొకటో ఇంకా తేల్చుకోలేదు.

ఆ రోజు నుంచి స్విచ్చు పెత్తనం మా ఆవిడది. ఆమె వేసిన చట్టం చిన్నది. గీజర్ మరను అరవై అయిదు నుంచి యాభైకి తిప్పించింది. ఎవరైనా స్నానానికి లేస్తే పన్నెండు నిమిషాల ముందు వేస్తుంది, బకెట్టు నిండగానే ఆపుతుంది, ఇద్దరమూ వెంటవెంటనే పోసుకోవాల. రాత్రంతా వెలిగే ఆ ఎర్రదీపం మా ఇంట్లో ఇప్పుడు లేదు. మిస్త్రీని పిలిపించి గీజర్ విప్పిస్తే లోపల కడ్డీ చుట్టూ వేలెడు మందాన తెల్లటి పెచ్చులు. బోరునీళ్ళ ఉప్పు. దానివల్ల కరెంటు ఎంత పోయిందో గానీ, ఇంకో ఏడాదైతే కడ్డీయే కాలిపోయేదట. "మెగ్నీషియం కడ్డీ కూడా కరిగిపోయింది సార్, అది మార్చకపోతే ట్యాంకుకు తుప్పు పడుతుంది" అన్నాడు. రెండూ మార్పించాం. నేను రెండేళ్ళలో మిగిల్చిందంతా, పైపులూ వడియాలూ పోను, ఆ మిస్త్రీకి టీ తాపించడానికి కూడా సరిపోలేదు.

బచ్చలింట్లో బకెట్టు పక్కన ఒక చెంబు పెట్టింది. ఎమ్మిగనూరు చెంబే. "మూడు చెంబులు చాలు, మిగతాది కలుపుకోండి" అంటుంది బయట నిలబడి. మా అవ్వను ఆమె ఎన్నడూ చూడలేదు.

ఉగాదికి మళ్ళీ వస్తామని అల్లుడు ఫోను చేశాడు. గీజర్ సంగతి అడగలేదు గానీ, ఎండలు మొదలైనాయా మామా అని రెండుసార్లు అడిగాడు.

ఈ నెల రీడింగు 231. ఆరు యూనిట్లు ఎక్కువ, తేడా పదహారున్నర రూపాయలు. కట్టేశాను.